నడిపిలంకలో పొయ్యి

మధ్యాహ్నం లంకలోంచి పొగ లేచింది. గట్టు మీద పొగాకు నారుకు నీళ్ళు చల్లిస్తున్న పాపాయి ముందు ఆ పొగను చూసింది, తర్వాత ఏటి అవతల యానాం వైపు చూసింది. అది రెల్లు తగలబెట్టిన పొగ కాదు. రెల్లు పొగ ఒక్కసారిగా లేచి చెదిరిపోతుంది. ఇది ఒక్క చోటు నుంచే, సన్నగా, ఆగకుండా వస్తోంది. పొయ్యి పొగ.

"ఆ గుడిసె వాళ్ళకి నిప్పు ఎక్కడిది?" అంది.

పక్కన మరిది అచ్చిబాబు ఉన్నాడు. "అదే నేనూ అనుకుంటున్నానండి వదినగారూ" అన్నాడు.

రేవుపాలెం గౌతమికి దక్షిణపు గట్టున ఉంది. అమలాపురం తాలూకా, ఇంగ్లీషు దొరతనం. ఎదురుగా ఉత్తరపు గట్టున యానాం, ఫరాసు వారిది. మధ్యలో నడిపిలంక. ఏరు ఎక్కడ లోతుగా పారితే అక్కడే సరిహద్దని రెండు దొరతనాలూ ఎప్పుడో ఒప్పుకున్నాయి. ఇన్నాళ్ళూ లోతుపాయ యానాం గట్టు కింద పారింది కాబట్టి లంక రేవుపాలేనిది. ధాత కరువు పోయిన మూడో ఏట, శ్రావణంలో వచ్చిన వరద లంకకి ఇటువైపు కూడా కోసింది. ఇప్పుడు ఏ పాయ లోతో చూపుకి తెలియడం లేదు.

పాపాయి మొగుడు పోయి మూడేళ్ళయింది. ఆమె పొగాకు భూమి అంతా లంకలోనే ఉంది. గట్టు దిగువన ఉన్న నేల చెక్కలో ఉప్పు తేలింది, అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలవదు. లంక పోతే ఆమె ఒకరి చేలోకి కూలికి వెళ్ళాలి. ఇప్పుడు గట్టు మీద పెరుగుతున్న నారు ఆ లంకలో నాటడానికే.

వరద తీసిన తర్వాత రెండు దొరతనాల కచేరీల వాళ్ళూ వచ్చి లంక ఎవరిదో తేలుస్తారని కబురు వచ్చింది. సరిగ్గా ఆ కబురు వచ్చాక లంకలో ఒక గుడిసె లేచింది. రేవుపాలెంలో అందరికీ కాకిలంక గుర్తొచ్చింది. పాపాయి మామగారి రోజుల్లో కాకిలంకలో ఇలాగే రెల్లులో రెండు గుడిసెలు లేచాయి. ఎవరో పశువుల కాపరులు అనుకున్నారు. ఆ ఏడు వరద తర్వాత యానాం వాళ్ళు "అక్కడున్నది మా మనుషులు" అన్నారు, లంక పోయింది. ఇప్పటికీ రేవుపాలెం దోనె అక్కడ ఆగదు.

లంక మనిషి ఆ పొద్దున్నే పాపాయి ఇంటికి వచ్చింది. చేతిలో ఖాళీ కుండ. పేరు పైడమ్మ అని, విజయనగరం అవతల నుంచి వచ్చామని, మొగుడికి జ్వరమని చెప్పింది.

"రెండ్రోజులై పొయ్యి ఎలిగించనేదు తల్లీ. కాసింత అగ్గి పెట్టు. గంజి కాసి పోస్తాను ఆడికి."

పాపాయి గుమ్మం దిగలేదు. "ఈ వేళ శుక్రవారం. మా ఇంట్లోంచి నిప్పు బయటికి వెళ్ళదు" అంది.

శుక్రవారం నిజమే. కానీ తెల్లవారుతూనే పక్కింటి వాళ్ళు పిడక మీద నిప్పు పట్టుకెళ్ళారు. దాన్నుంచి రాలిన బూడిద వాకిట్లో ఇంకా ఉంది. పైడమ్మ ఆ బూడిద వంక చూసింది.

"పోనీ, చుట్టకైనా అంటించుకోనా?"

చుట్టకి నిప్పు అడిగితే లేదనడం ఆ ఊళ్ళో లేదు. పగవాడు అడిగినా ఇస్తారు. పొగాకు చావడి స్తంభానికి కొబ్బరిపీచు తాడు ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. దాని కొస రాజుకుంటూనే ఉంటుంది, పాలేర్లు చుట్టలు అంటించుకుంటారు. పాపాయి గడ్డంతో అటు చూపించి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు గట్టు మీద అచ్చిబాబు ఆ తర్వాతి సంగతి చెప్పాడు. "నేను రేవులోనే ఉన్నానండి అది దోనె ఎక్కినప్పుడు. తుప్పర పడుతోంది. కుండ బోర్లించి నెత్తిన పెట్టుకుంది. అంటే అందులో నిప్పు లేదన్నమాటేగా?"

"చుట్ట అంటించుకుంటానంది."

"అదే చెప్తున్నానండి. నోట్లో చుట్ట ఉంది. ఆరిపోయి ఉంది. ఆరిపోవడం ఏంటి, కొస మాడనే లేదు. మీ దగ్గర అంటించుకోనేలేదది. 'ఎక్కడికే?' అని అడిగాను. తల ఊపింది గానీ నోరు విప్పలేదు. మహారాణీ గారు మనతో మాట్లాడరు."

"యానాం నుంచి ఎవరైనా వచ్చారా?"

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నానండి. అటునుంచి ఒక్క దోనె దిగలేదు."

ఇద్దరూ మళ్ళీ పొగ వైపు చూశారు. నిప్పు ఇటునుంచి వెళ్ళలేదు. అటునుంచి రాలేదు. పొయ్యి మండుతోంది.

"అగ్గిపెట్టె" అన్నాడు అచ్చిబాబు.

రేవుపాలెంలో అగ్గిపెట్టె ఒక్కటే ఉంది, మునసబు చంద్రరావు గారింట్లో. కాకినాడ నుంచి తెప్పించారు. చుట్టాలు వచ్చినప్పుడు ఒక పుల్ల గీసి చూపిస్తారు, మళ్ళీ పెట్టెలో దాచేస్తారు. వాళ్ళింట్లో కూడా పొయ్యిలోకి నిప్పు పక్కింటి నుంచే వస్తుంది.

"కూలి మనుషులకి అగ్గిపెట్టె ఎక్కడిదండీ? ఎవడో ఇస్తేనే వచ్చింది" అన్నాడు అచ్చిబాబు.  యానాం వైపు చూశాడు.

మర్నాడు పాపాయి దోనె వేయించుకుని లంకలోకి వెళ్ళింది. అచ్చిబాబు చేతిలో కర్ర ఉంది. రెల్లూ తాటాకులూ కలిపి వేసిన గుడిసె ముందు మూడు మట్టిగడ్డల మీద కుండ ఉడుకుతోంది. పైడమ్మ మొగుడు సన్యాసి గుమ్మంలో గోనె కప్పుకుని పడుకున్నాడు. వాళ్ళని చూసి లేవబోయాడు, చేతకాలేదు.

"పొయ్యి బాగా మండుతోందే" అంది పాపాయి.

"మీ దయ తల్లీ" అంది పైడమ్మ.

"నా దయేంటి? నేను ఇవ్వలేదుగా."

పైడమ్మ కుండలో గరిటె తిప్పింది.

"నిప్పు ఎక్కడిదే?"

"అగ్గి అగ్గే గదమ్మా. యాడదైతే ఏటి, గంజి ఉడికింది గదా."

"చూశారా వదినగారూ, మాట తిప్పుతోంది" అన్నాడు అచ్చిబాబు. కర్రతో మూట విప్పాడు. ఒక పాత చీర, చిల్లు పడిన గిన్నె, పొగాకు ఆకులు నాలుగు. తాటాకుల సందుల్లో కర్ర పెట్టి కెలికాడు. ఒక ఆకు ఊడి పడింది.

సన్యాసి గుమ్మంలోంచే తల తిప్పి, కప్పులో వెలుతురు పడిన చోటు చూశాడు. "బాబూ, వాన కురుస్తాది, మళ్ళీ పెట్టీ" అన్నాడు.

"మీరు ఎవరి మనుషులురా?"

"ఎవుల మనుసులమా? బర్మా రంగం పోదామని కోరంగి రేవుకి వచ్చినాం. జొరమని నన్ను ఓడ ఎక్కనివ్వనేదు. మా పెద్ద మూట ఎక్కీసింది. ఇప్పుడది రంగంలో ఉంటాది. మాకంటే దాని జాతకం బాగుంది."

పైడమ్మ నవ్వింది. పాపాయికి కూడా నవ్వు రాబోయింది, ఆపుకుంది.

"ఇన్ని ఊళ్ళుండగా ఈ లంకే దొరికిందా?"

"అటొడ్డున దిగబోతే కుక్కలు మొరిగినాయి. ఇటొడ్డునా మొరిగినాయి. ఇక్కడ మొరగనేదు. దిగిపోనాం" అన్నాడు సన్యాసి.

అచ్చిబాబు పైడమ్మ నడుము వంక చూశాడు. "ఒంటిమీద దాచి ఉంటుంది" అన్నాడు మెల్లిగా. పాపాయి అతన్ని కర్ర దించమంది. దోనె ఎక్కాక కూడా ఆమె మనసు గుడిసె దగ్గరే ఉంది. గంజి నీళ్ళలా ఉంది. మూటలో ఏమీ లేదు. అయినా ఆ మనిషి నిప్పు ఎక్కడిదో చెప్పలేదు. దాచవలసింది ఏమీ లేకపోతే చెప్పడానికి ఏం? కాకిలంకలో దిగినవాళ్ళు కూడా తమకి జ్వరాలనే చెప్పారట. రేవులో దిగేటప్పటికి పాపాయికి జాలి పోయింది.

ఆ సాయంత్రమే ఆమె మునసబు గారింటికి వెళ్ళి అంతా చెప్పింది. చంద్రరావు గారు అరుగు మీద కూర్చుని విన్నారు. "కచేరీ వాళ్ళు వచ్చినప్పుడు ఇదే మాట గట్టిగా చెప్పమ్మా పాపాయమ్మా. లంక సంగతి ఏరే తేలుస్తుంది, వీళ్ళు మన వాళ్ళు కాదని మాత్రం తేలిపోవాలి. తేలితే గుడిసె పీకించేద్దాం" అన్నారు.

కచేరీ వాళ్ళు వచ్చిన రోజు లంకలో రెండు ఊళ్ళ జనం నిలబడ్డారు. ఇటునుంచి తహసీల్దారు పంపిన అమీను, అటునుంచి ఫరాసు కచేరీ గుమాస్తా. గుమాస్తా తెలుగువాడే, యానాంలో పుట్టినవాడు. గొడుగు పట్టుకుని వచ్చాడు, రేవుపాలెం పెద్దల్ని పేరు పేరునా పలకరించాడు. అందువల్ల రేవుపాలెం వాళ్ళకి అతని మీద అనుమానం ఇంకా పెరిగింది.

అమీను గుడిసె చూశాడు. "వీళ్ళెవరు?"

ఇంకెవరూ నోరు తెరవకముందే పాపాయి ముందుకు వచ్చింది. "మా వాళ్ళు కాదండి. నిప్పుకని మా ఇంటికొస్తే నేను ఇవ్వలేదండి. మా ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వలేదు. వీళ్ళ దగ్గర అగ్గిపెట్టె ఉంది. అది ఆ గట్టునుంచే వచ్చి ఉంటుందండి. లంక కాజేయడానికి తెచ్చి పెట్టిన మనుషులండి వీళ్ళు."

"నేను కళ్ళారా చూశానండయ్యా" అన్నాడు అచ్చిబాబు. బోర్లించిన కుండ, కొస మాడని చుట్ట, నోరు విప్పని మనిషి, అన్నీ వరసగా చెప్పాడు. రేవుపాలెం జనం అవునన్నారు. మునసబు గారు తల పంకించారు. గుమాస్తా అడ్డు చెప్పలేదు. శ్రద్ధగా విన్నాడు. పాపాయికి అది నచ్చలేదు.

తర్వాత ఏటి సంగతి చూశారు. లంకకి ఎగువన, నడి ఏట్లో దోనె ఆపి, ఖాళీ కుండలు మూతులు కట్టి వదిలారు. లోతు నీరు ఎటు లాగితే కుండ అటు పోతుంది. మొదటి కుండ యానాం గట్టు కిందకి పోయింది. రెండోది రేవుపాలెం గట్టు కిందకి వచ్చింది. మూడోది లంక మొనకి తగిలి అక్కడే తిరుగుతూ ఆగిపోయింది. మళ్ళీ వదిలారు. మళ్ళీ అంతే.

"ఏరు చెప్పలేకపోతోంది" అన్నాడు అమీను.

"అలాంటప్పుడు మన రెండు గట్లకీ పాత పద్ధతి ఒకటి ఉందండి" అన్నాడు గుమాస్తా. "మునసబు గారికి తెలుసు. లంకలో మండుతున్న పొయ్యికి నిప్పు ఏ గట్టు ఇచ్చిందో అడుగుతారు. నిప్పిచ్చిన గట్టే లంకకి ఇరుగు. లంక దానిదే."

చంద్రరావు గారు ఏటి వైపు తిరిగారు.

"ఇందాక ఆ తల్లి తామే చెప్పారు. తాము ఇవ్వలేదట, తమ ఊరు ఇవ్వలేదట. మా గట్టునుంచే వచ్చిందట. నాకు కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదండి" అన్నాడు గుమాస్తా.

పాపాయికి కాళ్ళ కింద ఒండ్రు జారినట్టయింది. "ఇదెక్కడి పద్ధతండీ? మేమెప్పుడూ వినలేదు" అంది.

"కాకిలంక ఎలా పోయిందనుకున్నారమ్మా? ఆ గుడిసెల వాళ్ళు కరువుకి వచ్చినవాళ్ళు. మొదట మీ గట్టుకే వెళ్ళారు. మీ పెద్దలు తరిమేశారు. అప్పుడు మా తాతగారు నిప్పిచ్చారు."

పాపాయి మునసబు గారి వంక తిరిగింది. ఆయన అబద్ధం అంటారని చూసింది. ఆయన తన చెప్పుకి అంటిన మట్టి చూసుకుంటున్నారు.

అమీను పైడమ్మని పిలిచాడు. "నీ పొయ్యిలో నిప్పు ఎక్కడిది? నిజం చెప్పు."

పైడమ్మ అమీనుని చూడలేదు. పాపాయిని చూసింది. "దొంగతనం అంటారేటో తల్లీ" అంది.

"ఎందుకంటాను?"

"ఇవ్వనన్న ఇంటి అగ్గి తీసుకున్నందుకు. మా వైపు అలాగ తీస్తే కట్టీసి కొడతారు."

పాపాయి ఒక అడుగు ముందుకు వేసింది. "అనను. చెప్పు" అంది.

"నీ చావడి తాడుదే. చుట్టకని అడిగినాను గదా. చుట్టతోటే తెచ్చినాను."

రేవుపాలెం జనంలో ఎవరో నవ్వారు. గుమాస్తా కూడా చిన్నగా నవ్వాడు. "చుట్ట కొస మాడలేదని వాళ్ళ మనిషే కదండీ ఇందాక చెప్పింది?" అన్నాడు.

ఇప్పుడు లంక నిలవాలంటే పైడమ్మ మాట నిజం కావాలి. అయినా పాపాయికి నమ్మకం కలగలేదు. ఇది కూడా ఎవరో నేర్పిన మాటేమో. ఆరిపోయిన చుట్టతో ఏరు దాటి పొయ్యి ఎలా వెలిగిస్తారు?

"చూపించగలవా?" అని అడిగింది.

పైడమ్మ గుడిసెలోంచి చుట్ట తెచ్చింది. అమీను బంట్రోతు దగ్గర నిప్పు అడిగి అంటించుకుంది. రెండు పీల్పులు పీల్చి, కొస ఎర్రగా అయ్యాక, చుట్టని తిరగేసి నిప్పు వైపు నోట్లో పెట్టుకుంది. పెదవులు మూసింది. బయటికి కనిపిస్తున్నది కొత్త చుట్ట, మాడని కొస. జనంలో ఆడవాళ్ళు అయ్యో అన్నారు. ఆమె చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. మొల లోతు వరకు వెళ్ళింది. గాలి నీళ్ళని ఆమె మొహం మీదకి కొడుతోంది. దోసిలితో నీళ్ళు తీసుకుని నెత్తిన పోసుకుంది. వెనక్కి వచ్చి, గుప్పెడు ఎండు రెల్లు నలిపి, చుట్ట నోట్లోంచి తీసి అందులో గుచ్చి ఊదింది. పొగ వచ్చింది. తర్వాత మంట వచ్చింది.

తూర్పున, విజయనగరం వైపు ఆడవాళ్ళు అలా అడ్డపొగ తాగుతారని రేవుపాలెంలో విన్నవాళ్ళు ఉన్నారు. చూసినవాళ్ళు లేరు.

"ఈ వేళ చేసింది సరే" అన్నాడు గుమాస్తా. "ఆ రోజూ ఇలాగే చేసిందని ఏమిటి సాక్ష్యం?"

అమీను అచ్చిబాబు వంక తిరిగాడు. "నువ్వు చూసిన చుట్ట ఎలా ఉంది?"

"కొస మాడలేదండి" అన్నాడు అచ్చిబాబు. అంతలో తాను ఏం అంటున్నాడో అతనికి తెలిసింది. "నోట్లోనే ఉందండి. అడిగితే నోరు విప్పలేదండి."

"ఇది నువ్వు వాళ్ళ మీద చాడీగా చెప్పిన మాట. లంక కోసం పుట్టించింది కాదు. చాలు" అన్నాడు అమీను.

గుమాస్తా గొడుగు ముడిచాడు. ఈ ఏటికి లంక రేవుపాలేనిదని ఒప్పుకున్నాడు. "ఏరు ఒక దారి పట్టేదాకా ఏటేటా వరద తీశాక వస్తామండి. పొయ్యి ఉండాలి, నిప్పు మీదై ఉండాలి" అని చెప్పి దోనె ఎక్కాడు.

తిరిగి వచ్చేటప్పుడు మునసబు గారు పాపాయి దోనెలోనే కూర్చున్నారు. 

"నోట్లో నిప్పు పెట్టుకుని తిరిగే మనిషి" అన్నారాయన. "చూస్తే చల్లారిన చుట్ట. మన గడ్డివాముల మధ్య నుంచి నడిచి వెళ్తుంది. నీ పొగాకు చావడి తాటాకుదే కదమ్మా?"

పాపాయి కూడా సరిగ్గా అదే అనుకుంటోంది. ఆయన అన్నందుకు మాత్రం ఒళ్ళు మండింది. "గుడిసె పీకిస్తారాండీ మరి?" అంది.

"పీకిస్తే పై ఏడు పొయ్యి ఎక్కడిది?" అన్నారు చంద్రరావు గారు. "ఉండనీ. ఒక కన్నేసి ఉంచు."

"ఆ తాడు నేను తీసేస్తానండి చావట్లోంచి" అన్నాడు అచ్చిబాబు తెడ్డు వేస్తూ.

"తీస్తే చుట్టలు ఎక్కడ అంటించుకుంటావురా?" అంది పాపాయి. 

మర్నాడు పైడమ్మ కుండ పట్టుకుని వచ్చింది. ఈసారి వాకిట్లోనే నిలబడింది, ఏమీ అడగలేదు. పాపాయి పొయ్యి దగ్గరికి వెళ్ళి, కణకణలాడే బొగ్గులు తీసి కుండలో వేసింది, పైన ఊక కప్పింది. అందరూ చూసేలా వాకిట్లోకి తెచ్చి ఇచ్చింది. పక్కింటి వాళ్ళు గోడ మీంచి చూశారు.

"ఆరిపోతే మళ్ళీ రా. ఏ వారమైనా సరే" అంది.

"అలాగే తల్లీ."

పైడమ్మ కుండ చంకన పెట్టుకుని వెళ్ళింది. చావడి దగ్గర ఆగింది. కొంగులోంచి చుట్ట తీసి, తాడు కొసకి అంటించి, ఎర్రబడ్డాక తిరగేసి నోట్లో పెట్టుకోబోయింది.

పాపాయి గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. "కుండ నిండా ఇచ్చాను కదే. మళ్ళీ నోట్లో ఎందుకు?"

పైడమ్మ చుట్ట కిందికి దించింది.

"రేపు ఇవ్వకపోతేనో?" అని, నిప్పు నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, రేవు వైపు నడిచింది.